నెత్తి మీద అరవై ఏడు క్వింటాళ్లు

మా పెద్దమ్మ వాళ్ల ఊరు వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ పోయే దారికి కొంచెం లోపల ఉంటుంది. రెండడుగుల మందం మట్టి గోడలు, పైన మట్టి మిద్దె. నడిమింట్లో వెల్లకిలా పడుకుంటే పొగకు నల్లబడ్డ దూలం, దాని మీద వరసగా దంతెలు, దంతెల మీద చెక్కలు కనిపిస్తాయి. చెక్కల సందుల్లోంచి అప్పుడప్పుడు చిటికెడు మన్ను రాలేది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో పోయినప్పుడు కంట్లో మన్ను పడితే చాప పక్కకు జరుపుకునేవాళ్లం. అంతకు మించి ఆలోచించలేదు.

మొన్నటి ఎండాకాలం వాళ్ల చిన్నోడికి పెళ్లి కుదిరింది. వాడు హైదరాబాద్‌లో పని చేస్తాడు. కొత్త పెళ్లికూతురు మీద మన్ను రాలితే పరువు పోతుందని వాడి బెంగ. "అన్నా, ఇంక ఈ మన్ను రాలుడు నడ్వదు. నడింట్ల చెక్క సీలింగ్ కొట్టిస్తా" అని ఫోన్లో మూడు బొమ్మలు చూపించాడు. ఒకటి అసలు టేకు పలకలు. రెండోది పైన టేకు పొర అతికించిన ప్లైవుడ్. మూడోది చెక్కలాగా అచ్చేసిన పీవీసీ. "ఏది మంచిది? పాత దంతెలు ఈ బరువు ఆపుతయా?"

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. సీలింగ్ కొట్టించుకునేవాళ్లలో చాలామంది రంగు అడుగుతారు, ధర అడుగుతారు, బరువు అడగరు. కాబట్టి ముందు వాడి లెక్కే చూద్దాం.

మన దగ్గర మేస్త్రీలైనా వడ్లవాళ్లైనా చదరపు అడుగుల్లో, అంగుళాల్లో మాట్లాడతారు. మనమూ అదే కొలత పట్టుకుందాం. చదరపు అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక. దాని ఘనపరిమాణం 2.36 లీటర్లు. అంత నీళ్లయితే 2.36 కిలోలు తూగుతాయి. టేకు నీటికన్నా తేలిక, ఘనమీటరుకు సుమారు 650 కిలోలు. అందుకని టేకు పలక కిలోన్నర. నల్లమలలో దొరికే ఏపి కట్టె ఇందుకు పూర్తిగా వేరు. మన దేశపు కలపల్లో అత్యంత బరువైనవాటిలో అదొకటి, నీళ్లలో వేస్తే మునుగుతుంది. దాని పలక రెండున్నర కిలోలు. దిమ్మిస కొట్టిన మట్టి నాలుగు కిలోలు. నాపరాయి ఆరు కిలోలు. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే పల్లెలో ఏ కప్పు బరువునైనా వేళ్ల మీద లెక్కేయొచ్చు.

ఇప్పుడు మా తమ్ముడి మూడు బొమ్మలు. గది పది అడుగులకు పన్నెండు, అంటే 120 చదరపు అడుగులు. ముప్పావు అంగుళం టేకు పలకలు, వాటిని బిగించే రీపర్లు కలిపితే చదరపు అడుగుకు కిలోన్నర, గది మొత్తానికి 180 కిలోలు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, చట్రం కలిపి కిలో, గదికి 120 కిలోలు. పీవీసీ అయితే చట్రంతో సహా అరవై కిలోల లోపే. పాలిష్ బరువు లెక్కలోకి రాదు. ఒక లీటరు వార్నిష్ గది కప్పంతా పూసినా, అందులో సగం ఆవిరై పోయాక అరకిలో మిగులుతుంది. అన్నిటికన్నా బరువైన టేకు ఎంచుకున్నా రెండు క్వింటాళ్లు దాటదు. పత్తి తూకాలు చూసి పెరిగినవాడికి రెండు క్వింటాళ్లు ఒక లెక్కా! వాడు టేకుకే మొగ్గాడు.

వడ్లాయన వచ్చాడు. డెబ్బై ఏళ్లుంటాయి. ఫోన్లో బొమ్మలు చూపిస్తే చూడలేదు. నిచ్చెనెక్కి బాడిసె వెనక వైపుతో దూలాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా తట్టుకుంటూ పోయాడు. నడిమధ్యన గట్టిగా మోగిన దూలం గోడ దగ్గరకు వచ్చేసరికి డొల్లగా పలికింది. దంతెల్లో రెండు అట్లాగే పలికాయి. కిందికి దిగి అడిగాడు: "మీద మట్టి ఎంతున్నదమ్మా?"

"మా మామ జానెడు పోయించిండు" అంది పెద్దమ్మ.

"అది అప్పుడు. ఇప్పుడెంతున్నది?"

ఎవరికీ తెలియదు. ఆ ఇంట్లో అరవై ఏళ్లుగా బతుకుతున్నారు, ఎవరికీ తెలియదు.

మిద్దె ఎక్కి, గోడకు దగ్గరగా ఒక మూలన గడ్డపారతో చెక్కల దాకా తవ్వించాడు. ఆ గుంతలో ఇంటి చరిత్రంతా ఉంది. అన్నిటికన్నా అడుగున చెక్క. దాని మీద ముట్టుకుంటే పొడైపోయే బోదగడ్డి, ఆకుల పొర. ఆ పైన తెల్లగా, గట్టిగా జానెడు మందం చౌడు. ఇది పెద్దమ్మ మామ పోయించింది. చౌడు మీద సన్నటి నల్లగీత, ఎప్పటిదో నాచు. దాని మీద ఎర్రమన్ను. మళ్లీ ఒక నల్లగీత. ఆ పైన నల్లటి చెరువు మట్టి. చెరువుల పూడిక తీసిన మిషన్ కాకతీయ రోజుల్లో ఆ మట్టి ట్రాక్టర్లలో పొలాలకు పోతుంటే ఒక ట్రాక్టరును మిద్దెకు తిప్పారట. చిట్టచివర, కారకుండా ఉంటుందని, చినిగిన ప్లాస్టిక్ పట్టా, దాని మీద సిమెంటు పూత. టేపు పెట్టి కొలిస్తే అంతా కలిపి 14 అంగుళాలు.

14ను నాలుగుతో గుణిస్తే చదరపు అడుగుకు 56 కిలోలు. గదికి 6,720 కిలోలు. అరవై ఏడు క్వింటాళ్లు. నూట ముప్పై నాలుగు సిమెంటు బస్తాలను ఒక గది మీద పేర్చి, ఆ కింద చాప పరుచుకుని పడుకుంటున్నారన్న మాట. మా తమ్ముడు భయపడ్డ టేకు సీలింగ్ ఇందులో ముప్పై ఏడో వంతు కూడా కాదు. కాంక్రీటు స్లాబే బరువని మనకొక నమ్మకం ఉంది. అయిదంగుళాల స్లాబు చదరపు అడుగుకు ముప్పై కిలోలు. ఈ మిద్దె దానికి దాదాపు రెట్టింపు.

ఇంత బరువు పెట్టుకున్నవాళ్లు తెలివితక్కువవాళ్లా అంటే కాదు. మట్టిని ఇంతగా నమ్మిన సీమ ఇది. గద్వాల కోటనే జనం మట్టికోట అంటారు. ఇక్కడ వాన తక్కువ, ఎండ ఎక్కువ. కోస్తాలో వాన జోరుకు ఏటవాలు పెంకుటిళ్లు కావాలి. పాలమూరులో, అవతల రాయలసీమలో చదునైన మిద్దె సరిపోయింది. జానెడు మట్టి దాటుకుని మధ్యాహ్నపు ఎండ లోపలికి రావాలంటే పొద్దు గూకుతుంది. అప్పటికి జనం మిద్దె మీద పక్కలేసుకుని ఉంటారు. కింద చెక్క కూడా వేడిని తొందరగా దిగనివ్వదు. కాంక్రీటుతో పోలిస్తే టేకులోంచి వేడి దాదాపు పదో వంతు వేగంతోనే పారుతుంది. ఇదే పద్ధతి లదాఖ్‌లోనూ ఉంది. అక్కడ పాప్లర్ దూలాలు, వాటి మీద విల్లో కొమ్మలు, ఆపైన మట్టి. అక్కడా వాన అరుదు కాబట్టే అది నడిచింది. 2010 ఆగస్టులో లేహ్ మీద మేఘం బద్దలైనట్టు కురిసినప్పుడు ఆ లెక్క తప్పింది.

చౌడు సంగతి ఇంకా చిత్రమైనది. పంటకు పనికిరాని నేల చౌడు. అందులో సోడియం లవణాలు ఎక్కువ. మామూలు మట్టిలో బంకరేణువులు ఒకదానికొకటి అతుక్కుని చిన్నచిన్న ముద్దలుగా ఉంటాయి, ఆ ముద్దల సందుల్లోంచి నీరు దిగుతుంది. సోడియం ఎక్కువైతే తడి తగలగానే ఆ ముద్దలు విడిపోతాయి. విడిపోయిన సన్నటి రేణువులు కిందికి జారి సందులన్నిటినీ పూడ్చేస్తాయి. పొలంలో అదే శాపం. నీళ్లు ఇంకవు, వేరుకు గాలి ఆడదు. మిద్దె మీద అదే వరం. పైపొర తడిసి తనంతట తనే మూత పడుతుంది, మిగతా వాన దోనెల్లోంచి బయటికి పోతుంది. ఏ రసాయన శాస్త్రమూ చదవకుండా ఊరి చివర తెల్లగా పొంగిన నేలను చూసి ఇది మిద్దెకు పనికొస్తుందని మొదట గుర్తించినవాళ్లు ఎవరో గానీ, దండం పెట్టాలి.

అయితే వానకు పైపొర కొంచెం కొంచెంగా కొట్టుకుపోతుంది. అందుకని రెండు మూడేళ్లకోసారి కొత్త చౌడు చల్లాలి. పోయినంతే వేస్తే మందం మారదు. కానీ కారిన చోటల్లా ఇంకో తట్ట, ఇంకో బండి వేయడమే అలవాటైపోయింది. గీకి తీసే పని ఎవరూ పెట్టుకోలేదు. చౌడు తెచ్చే ఓపిక లేక ఎర్రమన్ను వేశారు, అది నీళ్లను లోపలికి దింపింది. చెరువు మట్టి వేశారు, అది ఎండాకాలం పగిలి, వానాకాలం ఉబ్బి, నీళ్లు పట్టుకుని కూర్చుంది. ఒక్కో అంగుళం వేసినప్పుడల్లా గది మీద దాదాపు అయిదు క్వింటాళ్లు పెరిగాయి. ఎవరూ తూచి వేయలేదు కదా.

ఇక కట్టె సంగతి. టేకు దంతె ఎంత బరువుకు విరుగుతుందో దెహ్రాదూన్‌లో 1906లో మొదలైన అటవీ పరిశోధనా సంస్థ లాంటి చోట్ల కొలిచి పెట్టారు. ఆ విరిగే హద్దును నూరు అనుకుందాం. మా పెద్దమ్మ ఇంటి దంతెలు నాలుగంగుళాల చదరం, పదడుగుల పొడవు, అడుగున్నర ఎడంతో ఉన్నాయి. తొలిరోజు జానెడు మట్టికి వాటి మీద పడిన ఒత్తిడి నూటికి 14. ఇంజినీర్లు మామూలుగా విరిగే హద్దులో ఆరో వంతు దాకానే వాడుకోమంటారు, అంటే 16. కాగితం మీద లెక్క వేయకుండానే ఆనాటి వడ్రంగి హద్దులో ఉన్నాడు. 14 అంగుళాల మట్టికి ఒత్తిడి 21కి చేరింది. హద్దు దాటింది గానీ, విరగడానికి ఇంకా చాలా దూరం ఉన్నట్టే అనిపిస్తుంది.

ఆ దూరాన్ని మూడు శత్రువులు తింటాయి. మొదటిది చెద. దంతె బలం దాని వెడల్పును ఎత్తు వర్గంతో గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. పది సెంటీమీటర్ల చదరపు దంతెను చెద నాలుగు వైపులా ఒక్కో సెంటీమీటరు తింటే ఎనిమిది సెంటీమీటర్లు మిగులుతుంది. చూసేవాడికి అయిదో వంతు సన్నబడినట్టే ఉంటుంది. నిజానికి బలం సగమైపోతుంది. 21 కాస్తా 41 అవుతుంది. రెండోది నీళ్లు. వంద కిలోల ఎండుమట్టి పదిహేను ఇరవై కిలోల నీళ్లు తాగి కూడా ఘనంగానే కనిపిస్తుంది. ముసురు పట్టిన మూడో రోజుకు గది మీద ఇంకో పది క్వింటాళ్లు చేరతాయి. ఒత్తిడి 48. మూడోది కాలం. కట్టె రాయి లాంటిది కాదు, ఏళ్ల తరబడి బరువు మోస్తే లోలోపల అలసిపోతుంది. అమెరికాలో మాడిసన్ పట్టణంలోని అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల వాళ్లు దీని మీద చాలా పని చేశారు. నిమిషాల్లో నూరు బరువుకు విరిగే కట్టె, పదేళ్లు మోయాల్సి వస్తే అరవైకి కాస్త అటూ ఇటూగా విరుగుతుందని తేల్చారు. హద్దు అరవైకి దిగింది, ఒత్తిడి 48కి ఎక్కింది. ఇదంతా కణుపు, పగులు లేని మంచి ముక్క సంగతి. మన దంతెల్లో కణుపుల్లేని దంతె ఏది?

దీనికి తోడు దూలం కొసలు. అవి మట్టి గోడలో పాతుకుని ఉంటాయి, గాలి తగలదు, తడి ఆరదు. నడుమ గట్టిగా మోగిన దూలం గోడ దగ్గర డొల్లగా పలకడానికి కారణం అదే.

ఈ లెక్కలు ఊరికే బడాయికి చెప్పడం లేదు. 2020 అక్టోబరులో వనపర్తి జిల్లా గోపాల్‌పేట మండలంలో రాత్రి నిద్రలో ఉండగా ఇల్లు కూలి ఒకే కుటుంబంలో అయిదుగురు చనిపోయారు. మరుసటేడు అక్టోబరులో గద్వాల జిల్లా ఐజ మండలంలో వానకు నానిన గోడ కూలి భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు పోయారు. 2024 జూలై మొదట్లో నాగర్‌కర్నూల్ మండలంలో మట్టి మిద్దె కూలి ఒక తల్లి, ఆమె ముగ్గురు పిల్లలు పోయారు. మూడు జిల్లాలు, మూడూ వానాకాలపు రాత్రులే. పేపర్లలో "భారీ వర్షానికి కూలిన ఇల్లు" అని రాస్తారు. వాన ఆఖరి తట్ట మాత్రమే. అంతకు ముందు తట్టలన్నీ మనం మోసి పోసినవే.

మా తమ్ముడి సీలింగ్ దగ్గరికి మళ్లీ వద్దాం. దాని బరువుతో పేచీ లేదని పైన చెప్పాను. పేచీ అంతా అది కప్పెట్టేదానితో. మట్టి మిద్దె మామూలుగా చెప్పకుండా కూలదు. ముందు మన్ను రాలడం ఎక్కువవుతుంది. దంతె కిందికి వంగుతుంది, రెండు చెక్కల మధ్య సందు వెడల్పవుతుంది. గోడ దగ్గర చెద బాట కనిపిస్తుంది. రాత్రిపూట దూలం చిటుక్కుమంటుంది. ఇవన్నీ మనకు అందే కబుర్లు. కింద నిగనిగలాడే సీలింగ్ బిగిస్తే మన్ను దాని వీపు మీద రాలుతుంది, చెద దాని చాటున నడుస్తుంది, మనం దీపాలు చూసుకుంటూ పడుకుంటాం. వడ్లాయన దీన్ని ఒక్క మాటలో తేల్చాడు: "ఇది కిందికెల్లి కొట్టే పని గాదు కొడకా, మీదికెల్లి దించే పని."

దించారు. గది ఖాళీ చేసి, దూలం కింద, డొల్లబారిన దంతెల కింద పోట్లు పెట్టి, రెండు కొసల నుంచి నడిమికి సమంగా మట్టి తీశారు. ఒకవైపే తీసుకుంటూ పోతే బరువు రెండో వైపుకు ఒరిగి దూలం తిరిగిపోయే ప్రమాదం ఉంది. రెండు ట్రాక్టర్లు నిండాయి. పని మొదలు కాకముందు వడ్లాయన దూలం కింద దారం లాగి కట్టాడు. మట్టంతా దిగాక చూస్తే దూలం దారం కన్నా కొంచెం పైకి లేచింది. పూర్తిగా మాత్రం లేవలేదు. లేచినంత మేర కట్టెకున్న సాగే గుణం, మిగిలిన వంపు అరవై ఏళ్ల అలసట. అది ఇక తిరిగి రాదు.

మట్టి పూర్తిగా తీసేసి రేకులు వేద్దామన్నాడు మా తమ్ముడు. రేకు చదరపు అడుగుకు అరకిలో. ఇక్కడ బరువు కథ తిరగబడుతుంది. వేసవి సాయంత్రాల్లో లేచే గాలిదుమారం గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకుంటే దాని ఒత్తిడి చదరపు అడుగుకు నాలుగు కిలోలకు పైనే ఉంటుంది. అదే గాలి రేకును పైకి లాగుతుంది. అందుకే రేకుల ఇళ్ల మీద రాళ్లు పెడతారు, ఆ రాళ్లు ఎగిరి ఇంకెవరి మీదో పడతాయి. బరువైన మిద్దె గాలికి లేచిన కథ మాత్రం ఎవరూ చెప్పరు. పైగా రేకు కింద మే నెల మధ్యాహ్నం కూర్చోవడం అందరి వల్లా కాదు. కాంక్రీటు స్లాబు మాట కూడా వచ్చింది గానీ, కింద పిల్లర్లు లేని పాత మట్టి గోడల మీద అది వేయమని చెప్పే ధైర్యం నాకు లేదు.

చివరికి డొల్లబారిన రెండు దంతెలు మార్చారు. దూలం కొసల కింద గోడనానుకుని రెండు కొత్త గుంజలు నిలబెట్టారు. చెక్కల మీద గట్టి పట్టా పరిచి, దాని మీద నాలుగంగుళాలు మాత్రమే చౌడు వేసి, దోనెల వైపు వాలు పెట్టారు. చదరపు అడుగుకు 16 కిలోలు, గదికి పందొమ్మిది క్వింటాళ్లు. గాలికి లేవదు, ఎండను కొంత ఆపుతుంది, కట్టెకు భారం కాదు. పట్టా వల్ల మన్ను రాలడం ఆగింది.

ఇదంతా జరుగుతుండగా పాత చెక్కల మసి గీకారు. లోపల తేనెరంగు టేకు బయటపడింది. మా తమ్ముడు కొనబోయిన సీలింగ్ వాడి తాత ఎప్పుడో వేసి పెట్టాడు. దానికి నిగనిగలాడే వార్నిష్ వేయాలా, నూనె పూయాలా అని ఇంట్లో రెండు రోజులు పంచాయితీ నడిచింది. నేను నూనె వైపు ఉన్నాను. మట్టి కింద ఉండే కట్టెకు ఎంతో కొంత తడి తగులుతూనే ఉంటుంది. కింది ముఖాన్ని వార్నిష్‌తో బిగించేస్తే ఆ తడి పోయే దారి ఉండదు. అవిసె నూనె కట్టెలోకి ఇంకుతుంది, ఊపిరి ఆడనిస్తుంది, రెండేళ్లకోసారి గుడ్డతో మళ్లీ రుద్దుకోవచ్చు. నూనే పూశారు. కొత్త పెళ్లికూతురికి మాత్రం ఆ పీవీసీయే నచ్చి ఉండేదని తర్వాత తెలిసింది.

అన్ని ఇళ్లలోనూ ఇంత తవ్వకం అక్కర్లేదు. మట్టి జానెడు లోపే ఉండి, దంతెలు గట్టిగా మోగితే, కింద టేకు కొట్టించుకున్నా ప్లైవుడ్ కొట్టించుకున్నా ఇబ్బంది లేదు. కాకపోతే గోడ దగ్గర, దూలం కొసలు కనిపించేలా రెండు పలకలు స్క్రూలు విప్పి తీసేలా ఉంచుకోండి. ఏడాదికోసారి టార్చి వేసి చూడండి. సీలింగ్ పనికి వచ్చేవాళ్లు కింద నుంచి కొలతలు తీసుకుని పోతారు. మిద్దె ఎక్కించడం మీ పని.

మృగశిర కార్తె రాకముందే ఎక్కండి. దంతెలు వంగి ఉంటే నడవకండి, నిచ్చెన మీదే నిలబడి గోడ అంచున తవ్వించండి. టేపు పెట్టి ఎన్ని అంగుళాలుందో కొలిచి, నాలుగుతో గుణించి, గది చదరపు అడుగులతో గుణించండి. వచ్చిన అంకెను ఇంట్లో అందరికీ చెప్పండి.